బొటనవేలి జవాబు

ఇసుక జారడం మొదలైంది. టీచరమ్మ తన బల్ల మీది ఇసుక గడియారాన్ని బోర్లించి కెమెరా ముందుకు జరిపింది, పై బుడ్డిలోంచి కింది బుడ్డిలోకి సన్నటి ధార, ఇక ఆ ధార ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు, ఫోను ముట్టుకోకూడదు, కాయితం మీద పెన్నుతో ఇంగ్లీషులో రాయాలి, రాసిందాన్ని కెమెరాకు చూపించాలి. "మీకు తెలిసిన మనిషికి నాలుగు ముక్కలు రాయండి. ఎదురుగా చెప్పలేకపోయినవి రాయండి. తప్పులొస్తే రానివ్వండి, చెరపొద్దు," అంది టీచరమ్మ. తప్పులొస్తే రానివ్వాలట. వచ్చేవి అవేగా, వాటిని ఆపేవాళ్ళెవరు, అనుకుంది పార్లరక్క. ఆమె అసలు పేరు ఈ ఆన్‌లైన్ ఇంగ్లీషు క్లాసులో ఎవరికీ తెలియదు. షాపు ఫోన్లోంచి చేరింది కాబట్టి తెర మీద ఆమె బొమ్మ కింద 'పార్లర్' అని పడుతుంది, మొదటిరోజు టీచరమ్మ "పార్లర్ గారూ, వినిపిస్తోందా?" అని పిలిస్తే ఆఁ అనేసింది, ఒకసారి ఆఁ అన్నాక మళ్ళీ కాదనడానికి మొహమాటం, మర్నాటికి గారు పోయి అక్క వచ్చింది. కూతురికంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో ఈ టీచరమ్మ, ముంగురులు కళ్ళలో పడుతుంటే ఊదుకుంటూ పాఠం చెబుతుంది, ఒక్కసారి తన కుర్చీలో కూర్చుంటే ఆ ముంగురుల సంగతి చూసి పంపేది. ముంగురుల సంగతి తర్వాత, ముందు కాయితం సంగతి చూడు, తెల్లగా ఎలా చూస్తోందో.

వెనక గది ఇది. ఓ పక్క జుట్టు కడిగే తొట్టి, ఓ పక్క తీగ మీద ఆరుతున్న తువ్వాళ్ళు, అరలో రంగు డబ్బాలు, ఆ డబ్బాల ముందు పెద్ద షాంపూ సీసాకు ఫోను ఆనించి, పొట్టి స్టూలు మీద తను. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళ. ముందు గదిలో రెండు కుర్చీలూ ఖాళీ, వీధి తలుపుకున్న చిన్న గంట మోగితే బేరం వచ్చినట్టు. ఇవాళ ఆ గంట ఎవరు మోగిస్తారో తెలుసు. పోయిన నెలే గోడ గడియారంలో వేళ చూపించి, క్లాసు అయ్యాక రమ్మంది మేట్రన్‌గారిని, ఆవిడ ఎప్పుడూ చెప్పిన వేళకంటే ముందే వస్తుంది, ఇసుక ఆగకముందే వచ్చినా వస్తుంది, ఆవిడ వచ్చేలోపల ఈ కాయితం మీద ఏదో ఒకటి ఉండాలి, ఇవాళ కూడా లేకపోతే ఇక ఎప్పటికీ ఉండదు. పెన్ను పట్టుకుంది. ఇదేం చెయ్యో. ఏడుస్తూ ఎగిరే చంటిపిల్లల చెవుల పక్కన కత్తెర ఆడించినప్పుడు వణకదు, పెళ్ళికూతురు గంటలో పందిట్లో ఉండాలి జడ ఊడిపోయిందంటే వణకదు, పూచికపుల్లంత పెన్ను పట్టుకుంటే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. పోనీ ఇంగ్లీషు రాదా అంటే నోటికి రాకేం, కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ భాష పలుకుతుంది నోరు, పొట్టిగానా పొడుగ్గానా, చెవి కనపడాలా వద్దా, నీళ్ళు వేడిగా ఉన్నాయా, ఇంగ్లీషులో గడగడా అడుగుతుంది, అందులో తప్పులుంటే అవి డ్రైయరు గాలికి కొట్టుకుపోతాయి. రాతకు ఆ సుఖం లేదు. రాసిన తప్పు రాసినచోటే కూర్చుని, దారినపోయేవాళ్ళందరికీ నీ సంగతి చెబుతుంది.

అందరూ తలలు వంచారు. ఈ క్లాసులో ఆమెకు బాగా తెలిసింది ఇదే, తలలు. మాట్లాడేటప్పుడు మొహాలు కనిపిస్తాయిగానీ అప్పుడు తను భయంతో సగం చూడదు, రాసేటప్పుడు అందరూ కాయితం మీదికి వంగిపోతారు, తెర నిండా నడినెత్తులు. లిఫ్టు మెకానిక్కు నెత్తిన రెండు సుడులు. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్ళిళ్ళంటారు, ఇతగాడికి ఇంకా ఒక్కటీ కాలేదు, పిల్లను చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తుందట. ఆ రెండు సుడుల మధ్య జుట్టు గడ్డిలా లేస్తుంది, దాన్ని పొట్టిగా కొట్టకూడదు, కాస్త పొడుగు వదిలి బరువుతో పడుకోబెట్టాలి, ఎవడు కొట్టాడో గానీ వాడికి పని రాదు. కేకుల షాపమ్మాయిది వంకర పాపిడి, అద్దం చూసుకోకుండా దువ్వుకుని పరిగెత్తే పిల్ల, ఎంత అలిసిపోతుందో ఆ పాపిడే చెబుతుంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నాడు, అందరికీ బాబాయి, ఈ చెవి పక్కన పెంచిన నాలుగు పాయల్ని బట్టతల మీదుగా ఆ చెవిదాకా లాగి నూనెతో అతికిస్తాడు. ఆ నాలుగూ తీసేస్తే పదేళ్ళు చిన్నవాడౌతాడు, ఎలా చెప్పడం, ఆయన వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటున్నాడాయె. ఆయన పెన్ను ఆగదు, జోరుగా రాస్తాడు, చూపించినప్పుడు మాత్రం అది ఏ భాషో టీచరమ్మ కూడా చెప్పలేకపోతుంది, అయినా ఆయనకు దిగుల్లేదు. భయం లేనివాడికి తప్పులు కూడా ముద్దొస్తాయి. నాకు ఆ గుండె ఎందుకివ్వలేదో దేవుడు, నాకిచ్చిందల్లా ఎదుటివాడి నెత్తి చూసి వాడి కష్టం చెప్పడం, అది కూడా ఆరోజు అక్కరకు రాలేదు.

నెత్తి చెప్పింది, తను వినలేదు. మేట్రన్‌గారి పాపిడి పక్కన వేలు వెడల్పున తెల్లగా వచ్చేసింది ఆరోజు. అంతకు ముందెప్పుడూ ఆ గీత అంత వెడల్పు కాలేదు, ఇంట్లో ఎవరో నెలనెలా శ్రద్ధగా రంగు వేస్తున్నారని తెలుస్తూనే ఉండేది, వేసేవాళ్ళకు పనితనం లేదుగానీ ప్రేముంది అనుకునేది, ఎందుకంటే రంగు చెవి అంచులకు కూడా అంటి ఉండేది. అంత శ్రద్ధ ఒక్కసారి ఆగిపోయిందంటే ఎందుకాగిందని అడగొద్దూ. ఇక రంగు మానేద్దామనుకుందేమో, ఈ వయసులో చాలామంది అంతే, అనుకుని దువ్వెన పెట్టింది. దువ్వెన పెట్టేముందు ఒక్క క్షణం ఆగి ఉంటే.

మేట్రన్‌గారని తనే పెట్టుకుంది పేరు, ఎప్పుడో పెద్దాసుపత్రిలో నర్సులందరి మీదా పెత్తనం చేసిందట. ఆ సంగతి ఆవిడే రాసి చూపించింది. ఆవిడకు తెలుగు రాదు, వినపడదు. కొన్నేళ్ళ కిందట ఏదో జ్వరం వచ్చి చెవులు తీసుకుపోయింది. నోరు ఉందిగానీ వాడదు, తన గొంతు ఎంత గట్టిగా వస్తోందో తనకే తెలియక ఒకసారి బస్సులో అందరూ తిరిగి చూశారట, అప్పట్నించీ ఫోన్లో ఇంగ్లీషులో పెద్దపెద్ద అక్షరాలతో టైపు చేసి భుజం మీదుగా వెనక్కి చూపిస్తుంది. ఎన్ని కబుర్లని. కింది వాటా వాళ్ళ పిల్లి తన మంచం మీదే పడుకుంటోందట. మోకాలు ఇవాళ మాట వింటోందట. ఒకప్పుడు తన ఆఫీసు బల్ల మీద రోజూ నర్సుల సెలవు చీటీలు గుట్టగా పడేవట, అందులో ఒకమ్మాయి నాయనమ్మను మూడుసార్లు చంపిందట, మూడోసారి కూడా సెలవిచ్చి పంపి, మీ నాయనమ్మకు నా నమస్కారాలు చెప్పమందట. అది చదివి పార్లరక్క ఎంత నవ్విందో, ఆవిడ అద్దంలో ఆ నవ్వు చూసి తను కూడా మెడకు చుట్టిన నల్లగుడ్డ కింద కుదుపులు కుదుపులుగా నవ్వింది. పార్లరక్క చదవడం నిదానమేగానీ కూడబలుక్కుని చదవగలదు, జవాబు రాయడం దగ్గరే వచ్చింది చిక్కు. మీ అమ్మాయి పరీక్ష ఎలా రాసింది, అని చూపించేది ఆవిడ. దానికి చెప్పాల్సింది ఎంతుంది, లెక్కల్లో ఏడ్చిందనీ, అది ఏడుస్తుంటే తను పక్కన కూర్చుని అల్లం టీ పెట్టి ఇచ్చిందనీ, ఇవేవీ కాక, నవ్వి బొటనవేలు పైకెత్తేది. నొప్పి తగ్గిందా అంటే వేలు. వాన పడేలా ఉందంటే వేలు. ఎడంచేతిలో దువ్వెన, కుడిచేతిలో కత్తెర, మధ్యలో పైకి లేచి నిలబడ్డ ఒక్క వేలు. వేలితో బతికేయొచ్చనుకుంది.

ఫోనే తిప్పుతుందిగా భాషలు, అని కూతురు ఒకసారి నేర్పింది. సరే అని, ఆవిడ పండక్కీ పబ్బానికీ కూడా ఇంత చేతిలో పెట్టి వెళ్ళే మనిషి కదా, మీ చేతికి ఎముకే లేదండీ అని తెలుగులో చెబితే ఫోను దాన్ని తనకు తోచినట్టు ఇంగ్లీషులోకి తిప్పింది. ఆవిడ చదివి, నల్లగుడ్డ కిందనుంచి చెయ్యి బయటకు తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది, ఎంతైనా ఆసుపత్రిలో పనిచేసిన మనిషి, మణికట్టు నొక్కి కూడా చూసుకుంది. ఆ తర్వాత పార్లరక్క ఫోను తర్జుమాల జోలికి పోలేదు.

ఇసుక సగం దిగినట్టుంది. అయ్యో, సగమా. కేకుల షాపమ్మాయి కాయితం తిరగేసింది, రెండోవైపుకు వెళ్ళిపోయింది ఆ పిల్ల. నీకేం తల్లీ, నీకు చెప్పలేకపోయింది ఏదో ప్రేమ కబురై ఉంటుంది, ప్రేమ కబురుకు తప్పులున్నా చెల్లుతుంది. నాది అలా కాదు. ఆరోజు చెవి పక్కన కత్తిరిస్తోంది, సరిగ్గా కత్తెర అంచు చర్మానికి తగిలీ తగలకుండా ఉన్న క్షణం, భుజం మీదుగా వచ్చింది ఫోను. కళ్ళు సగం కత్తెర మీద, సగం ఫోను మీద. చెల్లెలు, పోయిన నెల, నిద్ర, ఈ మూడు మాటలు మాత్రం ఏరుకుంది. చెల్లెలు వచ్చి నెల్లాళ్ళు ఉందన్నమాట, పక్కన మనిషి ఉంటే హాయిగా నిద్రపట్టిందన్నమాట, ఎంత మంచి మాట. నవ్వింది, మామూలు నవ్వు కాదు, పళ్ళన్నీ కనపడేలా, అద్దంలో ఆవిడ కళ్ళలోకి చూస్తూ నవ్వి, బొటనవేలు పైకెత్తింది. ఆవిడ అద్దంలోంచి చూపు తిప్పుకుంది. ఫోను సంచిలో పెట్టుకుంది. జిప్పు లాగింది. ఆ జిప్పు చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది, తువ్వాలు మడతపెడుతుంటే వినిపిస్తుంది, కూతురు కాలేజీ సంచి మూస్తుంటే వినిపిస్తుంది. ఆవిడ వెళ్ళాక, కింద పడ్డ జుట్టు ఊడుస్తోంది, అంతా రంగు వేసిన నలుపే, తెలుపు నెత్తి మీదే ఉండిపోయింది, రంగు ఎందుకు మానేసిందో పాపం అనుకుంటూ ఊడుస్తోంది, చీపురు చేతిలో ఉండగానే ఆ మూడు మాటలూ, చూసీ చదవకుండా వదిలేసిన నాలుగో మాటా ఒకదాని పక్కకు ఒకటి జరిగి వాటి అసలు వరసలో నిలబడ్డాయి. చెల్లెలు పోయిన నెల నిద్రలోనే పోయింది. రంగు వేసే చెల్లెలు. చెవులకు కూడా వేసే చెల్లెలు. దానికి నేను భేష్ అని వేలెత్తాను. వీధిలోకి పరిగెత్తింది, చీపురుతోనే, ఆవిడ కనపడలేదు. కనపడితే మాత్రం ఏం చేసేది, వినపడని మనిషి వెనక ఏమని అరిచేది.

ఆ తర్వాతి నెల ఆవిడ మళ్ళీ వచ్చింది. రాదనుకుంది, వచ్చింది, రావడమే గుండెల్లో ముల్లు తిప్పింది. సంచి జిప్పు తీయలేదు. తల కాస్త వంచి నమస్కారంలా ఒక చూపు, ఇంత పొట్టి అని వేళ్ళతో చూపించడం, అయ్యాక మళ్ళీ అదే చూపు. మర్యాద ఎక్కువైంది. తిట్టుకునే వాళ్ళ మధ్య మర్యాద పెరిగితే మంచిదేగానీ కబుర్లాడుకునే వాళ్ళ మధ్య పెరిగితే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టే. నువ్వు నా కబుర్లు వింటున్నావనుకున్నాను, కాదన్నమాట, అని ఆవిడ అనుకుని ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎత్తిన వేళ్ళన్నీ ఆవిడకు ఇప్పుడు అబద్ధాల్లా కనిపిస్తూ ఉంటాయి. అవి అబద్ధాలు కాదు, పిల్లి సంగతి నిజంగా విన్నాను, నాయనమ్మ సంగతి మా ఇంట్లో అందరికీ చెప్పాను, మీరు రాని నెల షాపు బోసిగా ఉంటుందండీ, అని చెప్పాలి. ఆ రాత్రి కూతురు విని, "అమ్మా, నువ్వు పక్కకు జరుగు, నేను కొట్టేస్తా," అని టకటకా కొట్టి చూపించింది. మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాము, మా వలన కలిగిన అసౌకర్యానికి క్షంతవ్యులము, ఇంగ్లీషులో అచ్చంగా ఈ ధోరణి. "ఇదేంటే, కరెంటాఫీసు వాళ్ళు పంపినట్టుంది," అంది తను. "ఇంగ్లీషులో ఇలాగే రాస్తారమ్మా." రాస్తారేమో. కానీ ఆవిడకు కావాల్సింది తప్పుల్లేని మనిషి కాదు కదా, తనకు జుట్టు కత్తిరించే మనిషి. అందుకే ఈ క్లాసు, అందుకే ఈ షాంపూ సీసా, ఈ ఇసుక.

క్లాసులోనూ వేలే దొరికింది, అదీ చోద్యం. అర్థమైందా అని టీచరమ్మ అడగ్గానే అందరూ తెర మీద బొటనవేలి బొమ్మ నొక్కుతారు, తెరంతా పసుపుపచ్చ వేళ్ళు తేలుతాయి, బాబాయి అయితే దగ్గొచ్చినా నొక్కుతాడు. వేలు మాన్పించుకుందామని వచ్చి వేళ్ళ గుంపులో పడ్డాను. మొదటివారం కాయితం చూపించమంటే ఎత్తి పట్టుకుంది, తెర మీద తన గడిలో చూస్తే అక్షరాలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి, ఆఖరికి అక్షరాలు కూడా నాకు వీపు చూపించాయి అనుకుని గబుక్కున కాయితం దించేసి ఫోను బోర్లించేసింది. ఆ తర్వాత రెండువారాలు రాసే వేళ వచ్చేసరికి నెట్టు పోయేది. సరిగ్గా ఆ వేళకే పోయేది, ఎంత తెలివైన నెట్టో. టీచరమ్మ విడిగా ఫోన్ చేసింది, "అక్కా, అది మీకు ఒక్కరికే అలా కనిపిస్తుంది, మాకు సరిగ్గానే ఉంటుంది. అద్దంలా అన్నమాట. మీకు నేను చెప్పాలా అద్దం సంగతి?" అవును, పొద్దస్తమానం అద్దంతోనే కాపురం, అద్దంలోనే మాటలు, ఎదుటిమనిషి మొహంలోకి నేరుగా చూసి మాట్లాడింది తక్కువ, అందరికీ వెనక నిలబడి అద్దంలో మొహానికి చెబుతుంది, అలాంటిదాన్ని అద్దం చూసి దడుసుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వొచ్చిందని మళ్ళీ చేరింది.

రాయి, రాయి. ఏం రాయాలి. ఇంగ్లీషులో ఆమెకు వచ్చిన సాహిత్యమంతా కలిపి ఒక్క సెలవు చీటీ. బడిలో మాస్టారు బల్ల మీద బెత్తం పెట్టుకుని బట్టీ పట్టించాడు, గౌరవనీయులైన అయ్యగారికి, నేను జ్వరముతో బాధపడుచున్నందున బడికి రాలేకపోతిని, కావున దయతో సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన, ఇట్లు తమ విధేయురాలు. కడుపునొప్పి వచ్చినా జ్వరమనే రాసింది, పెద్దక్క పెళ్ళికి వెళ్ళినా జ్వరమనే రాసింది, జ్వరం తప్ప వేరే కష్టానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. ఈ క్లాసులో మొట్టమొదట మీ గురించి రాయండి అంటే కూడా చెయ్యి దానంతటది గౌరవనీయులైన అని మొదలుపెట్టి జ్వరందాకా వెళ్ళిపోయింది, కొట్టేసింది, సిగ్గుతో చచ్చింది. ఇప్పుడూ అదే వస్తోంది, చెయ్యి కిందికి అదే జారుతోంది, గౌరవనీయులైన. వద్దే. ఆ మాట ఒక్కటే తప్పు లేకుండా వస్తుంది, పోనీ రానీ. పైగా ఆవిడ నిజంగానే గౌరవనీయురాలు, అందులో అబద్ధమేముంది. గౌరవనీయులైన మేడమ్ గారికి. రాసేసింది. తర్వాత? తర్వాత ఏముంది, బాధపడుచున్నందున. నేను బాధపడుచున్నాను. జ్వరం చోట ఏం పెట్టాలి, మీ చెల్లెలు అని పెట్టాలి. మీ చెల్లెలు పోయినందున నేను బాధపడుచున్నాను. ఇన్నేళ్ళకు ఆ మాట మొదటిసారి నిజం చెప్పింది. అక్షరాలు వణుకుతున్నాయి, వణకనీ. ఆరోజు నేను సగమే చదివితిని, నా వేలు తప్పు చెప్పెను. వేలు అన్నదానికి ఇంగ్లీషు ఒకటే ఉందా రెండున్నాయా, బొటనవేలికి వేరే మాట ఉంది కదా, అది రాదు, పక్కన బొమ్మ వేసింది, చిన్న బొటనవేలు, గోరుతో సహా. పిల్లి సంగతి విన్నాను, నాయనమ్మ సంగతి విన్నాను, అది కూడా రాసింది, ఎక్కడో ఒక మాట రెండుసార్లు పడింది, కొట్టలేదు. కావున దయతో మీతో మాట్లాడుటకు నాకు మరల అనుమతి మంజూరు చేయవలసినదిగా ప్రార్థన. మంజూరుకు ఇంగ్లీషు మాత్రం మాస్టారి బెత్తం చలవ, పొల్లుపోకుండా వచ్చింది. ఇట్లు తమ విధేయురాలు. పేరు రాయబోయి ఆగింది, మేట్రన్‌గారికి కూడా తన పేరు తెలియదు. పార్లర్, అని రాసింది.

చివరి ఇసుక రవ్వ కూడా పడింది. తలలు లేచాయి, మొహాలొచ్చాయి, అందరూ కాయితాలు ఎత్తారు. తనూ ఎత్తింది. తన గడిలో అక్షరాలన్నీ మళ్ళీ వీపు చూపించాయి, అయినా ఈసారి దించలేదు, చేతులు నొప్పి పుట్టేదాకా పట్టుకునే ఉంది. టీచరమ్మ తెర దగ్గరకు మొహం తెచ్చి చదువుతోంది, ముంగురులు ఊదుకోవడం మరిచిపోయింది. లిఫ్టు మెకానిక్కు పెదవులు కదులుతున్నాయి, కూడబలుక్కుంటున్నాడు, తనలాగే. కేకుల షాపమ్మాయి తన కాయితం దించేసి ఇదే చదువుతోంది. బొటనవేళ్ళు వస్తాయనుకుంది. ఎవరూ నొక్కలేదు. బాబాయి కూడా నొక్కలేదు, వేలు తెర దాకా తెచ్చి, వెనక్కి తీసుకుని, ఆ వేలితో కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అక్కా, ఇది ఎవరికి?" అంది టీచరమ్మ.

"ఇవాళ వస్తారమ్మా. ఇప్పుడే. ఎక్కడెక్కడ తప్పులున్నాయో తొందరగా చెప్పు తల్లీ, దిద్దుకుంటా."

టీచరమ్మ నోరు తెరిచిందో లేదో వీధి తలుపు గంట మోగింది. ముందే వచ్చేసింది, అనుకున్నట్టే. "మీరు వెళ్ళండక్కా, ఇలాగే తీసుకెళ్ళండి," అంటున్న టీచరమ్మ మాట సగంలోనే ఉంది, పార్లరక్క కాయితం జేబులో కుక్కుకుని ముందు గదిలోకి వచ్చేసింది. వచ్చాక గుర్తొచ్చింది, ఫోను ఆపలేదు. ఆపడానికి వెనక్కి వెళితే మళ్ళీ ముందుకు రాలేనని తెలుసు.

మేట్రన్‌గారు కుర్చీలో కూర్చుంది. సంచి ఒళ్ళో, జిప్పు మూసి ఉంది. తెల్లగీత ఇప్పుడు రెండు వేళ్ళంత. పార్లరక్క నల్లగుడ్డ దులిపి మెడకు చుట్టింది, దువ్వెన తీసింది, దువ్వెన పెట్టేసింది. జేబులోంచి కాయితం తీసి, మడత విప్పి, ఆవిడ వెనక నిలబడి, రెండు చేతులతో ఆవిడ తల మీదుగా ఎత్తి అద్దానికి చూపించింది. ఇన్నేళ్ళ అలవాటు, కుర్చీలో ఉన్న మనిషికి ఏం చెప్పాలన్నా అద్దానికే చెబుతుంది. ఆవిడ కళ్ళు చిట్లించింది. ముందుకు వంగింది. నల్లగుడ్డ కిందనుంచి వేలు బయటకు వచ్చి గాలిలో ఒక అక్షరం అటునుంచి ఇటు గీసి చూసుకుంది. పార్లరక్క, అంత ఘోరంగా రాశానా, ఒక్క ముక్క అర్థం కాకుండా రాశానా, మాస్టారి మాటలు కూడా తప్పాయా, అనుకుంటూ తను కూడా అద్దంలోకి చూసింది. ప్రతి అక్షరం వీపు తిప్పుకుని నిలబడి ఉంది. ఇందాక తెర మీద చూసింది, మొదటివారం చూసింది, టీచరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది, అయినా ఇదే చేసింది. కాయితం దించబోయింది. ఈలోగా మేట్రన్‌గారు కాలు నేలకు ఆనించి తన్ని కుర్చీ గిర్రున తిప్పింది.

ఎదురెదురుగా వచ్చేశారు ఇద్దరూ, మధ్యలో అద్దం లేకుండా. ఆవిడ కళ్ళు గోధుమరంగువని పార్లరక్కకు అప్పుడు తెలిసింది, అద్దం దూరం నుంచి నల్లగా కనిపించేవి. ఆవిడ కాయితం చేతిలోకి తీసుకుంది. కాస్త దూరం పెట్టి చదివింది, దగ్గరకు తెచ్చి మళ్ళీ చదివింది. బొటనవేలి బొమ్మ దగ్గర ఆగింది. చివరికి వచ్చేసరికి పెదవులు బిగపట్టుకుంది, నవ్వా ఏడుపా తెలియలేదు, బల్ల మీద గుట్టగా పడిన సెలవు చీటీలన్నీ ఆవిడకు గుర్తొచ్చి ఉంటాయి. నిటారుగా కూర్చుంది. ఆఫీసు కుర్చీలో అలాగే కూర్చునేదేమో. నోరు తెరిచింది.

"గ్రాంటెడ్," అంది.

ఎంత గట్టిగా అందంటే అరలో డబ్బాలు అదిరాయి. వెనక గదిలో ఫోన్లోంచి ఎవరో ఉలిక్కిపడిన చప్పుడైంది. పక్కన చెప్పుల షాపాయన తలుపు తోసుకుని తల లోపలికి పెట్టాడు. "ఏమైందక్కా, ఎవరు అరిచారు?"

"ఏం లేదులే. సెలవు మంజూరైంది," అంది పార్లరక్క. అతనికి ముక్క అర్థం కాలేదు, అర్థమైనట్టు తలూపి వెళ్ళిపోయాడు.

జిప్పు చప్పుడైంది. ఇది వేరే జిప్పు చప్పుడు, తెరుచుకునేది. మేట్రన్‌గారు ఫోను తీసి టైపు చేయడం మొదలుపెట్టింది, చేస్తూనే ఉంది, రెండు నెలల కబుర్లు కదా, మధ్యలో నల్లగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చేసింది. ఇటు తిప్పి చూపించింది. పార్లరక్క కత్తెర ముట్టుకోలేదు. పక్క కుర్చీలో కూర్చుని, ఫోను చేతిలోకి తీసుకుని, మొదటి మాట నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళింది, ఏరుకోలేదు. మా చెల్లెలికి రంగు వేయడం రాదు. చిన్నప్పటి నుంచీ ఏ పని చేసినా అంచులు దాటించేది. ప్రతిసారీ నా చెవులకు కూడా పూసేది, నేను తిట్టేదాన్ని, వినపడని చెవులు ఎలా ఉంటే ఏమిటక్కా అని రాసి చూపించేది. ఇప్పుడు నా చెవులు శుభ్రంగా ఉన్నాయి, నాకు అస్సలు బాగాలేదు.

చదవడం అయింది. బొటనవేలు దానంతటది లేవబోయింది, దాన్ని గుప్పిట్లో మూసింది. ఆవిడ ఒళ్ళోని సెలవు చీటీ అందుకుని వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, పెన్ను తీసింది. ఒక మాట రాసి కొట్టేసింది, మళ్ళీ అదే రాసింది. ఇంకా చెప్పండి, అని రాసి ఎత్తి చూపించింది, ఈసారి అద్దానికి కాదు, ఆవిడకే.